చల్లగాలి వెనక నీటి దారి

జూన్ ఎండలో నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టిన కారు కింద, ముందు ఎడమ చక్రానికి కాస్త వెనకగా, నీళ్లు చుక్క చుక్కగా కారుతుంటాయి. కొత్తగా బండి కొన్నవాళ్లు రేడియేటర్ కారుతోందేమోనని కంగారుగా వంగి చూస్తారు. ఏసీ పని తెలిసిన మనిషి ఆ తడి చూసి తృప్తిపడతాడు. బండిలోని గాలి నుంచి పిండిన నీరు అది. అది బయటికి వస్తున్నంతకాలం ఏసీ సవ్యంగా ఉన్నట్టే. లోపలే నిలిచిపోయిన రోజు నుంచి ముక్కిన వాసన మొదలవుతుంది.

ఆ వాసన వదిలించే పనిని ఈ దారి మీది షెడ్లలో దగ్గర నిలబడి చూస్తూ వచ్చాను. బయటికి చిన్న పనిలా కనిపిస్తుంది. ఒక డబ్బా నురుగు కొట్టి డబ్బులు తీసుకునే పని అనుకునేవాళ్లే ఎక్కువ. బాగా తెలిసిన చేతుల్లో అది వేరే పని. ఎక్కడ చల్లదనం పుడుతుందో, ఎక్కడ నీరు పుడుతుందో, ఆ నీరు ఎటు పోవాలో మనసులో గీసుకున్నాకే మంచి మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు. ఆ గీతను మనమూ ఒకసారి అనుసరిద్దాం.

నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి పోయే రహదారి ఇది. హైదరాబాదు నుంచి నెల్లూరు, తిరుపతి వైపు వెళ్లే బళ్లు రాత్రింబవళ్లు దీని మీద నడుస్తాయి. పల్నాడు ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు, రెంటచింతల ఉష్ణోగ్రత ప్రతి వేసవిలో పేపర్లకెక్కుతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఏసీ ఆపకుండా నడిచిన బండిలో, తొలకరి పడి, సాగర్ కుడికాలువ నీటితో నాట్లు మొదలయ్యే రోజుల్లో, ఒక ఉదయం స్విచ్చి నొక్కగానే వాసన గుప్పుమంటుంది. రెండు నిమిషాల్లో తగ్గుతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది.

డ్యాష్ బోర్డు వెనక ఒక నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. గాలి ప్రయాణమంతా దానిలోనే. ముందు అద్దం మొదట్లో, వైపర్ల కింద ఉన్న జాలీ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. అక్కడే ఒక రెక్క ఉంటుంది. బయటి గాలిని రానివ్వాలా, కారులో ఉన్న గాలినే తిప్పాలా అన్నది దాని చేతిలో ఉంది. చాలా బళ్లలో ఆ తర్వాత మడతలు మడతలుగా ఉన్న ఫిల్టరు, దాన్ని అంటిపెట్టుకుని బ్లోయర్, బ్లోయర్ తోసిన గాలికి ఎదురుగా కూలింగ్ కాయిల్. కాయిల్ దాటాక హీటర్ కాయిల్, మరికొన్ని రెక్కలు. ఆ రెక్కలు గాలిని మన ముఖానికో, కాళ్లకో, అద్దానికో పంపుతాయి. ఫిల్టరు ముందు, కాయిల్ తర్వాత అన్న ఈ వరస గుర్తుంచుకోవాలి. ఖరీదైన బొగ్గు ఫిల్టరు వేయించినా వాసన పోలేదని బాధపడేవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. ఆ ఫిల్టరు రోడ్డు మీది కంపును ఆపగలదు. తనను దాటాక కాయిల్ మీద పుట్టిన వాసన దాని కళ్లబడదు.

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది కాయిలే. చదునైన అల్యూమినియం గొట్టాలను వరసగా నిలబెట్టి, వాటి మధ్య మిల్లీమీటరులో పదో వంతు మందమున్న రేకును అలలు అలలుగా మడిచి పెట్టి, మొత్తాన్ని కొలిమిలో ఒకేసారి వేడిచేసి అతికిస్తారు. మడతకూ మడతకూ మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంతటితో ఆగలేదు ఇంజనీర్లు. ఒక్కో రేకు మీద ఏటవాలుగా సన్నటి గాట్లు కోశారు. గాలి నున్నటి రేకును ఒరుసుకుంటూ పోతే లోహానికి ఆనుకున్న పలచని గాలి పొర నెమ్మదించి అక్కడే ఉండిపోతుంది. వెనక వచ్చే వేడిగాలిని అది లోహానికి తగలనివ్వదు. ఈ గాట్లు ఆ పొరను అడుగడుగునా తెంపి కొత్త గాలిని రేకుకు తాకిస్తాయి. ఒక పెద్ద పుస్తకమంత కాయిల్ కారు మొత్తాన్ని చల్లబరచగలగడానికి ఈ గాట్లు ఒక ముఖ్యకారణం.

గొట్టాల లోపల పారేది గ్యాస్, ఎక్కువ బళ్లలో ఆర్ 134ఏ. మామూలు గాలి పీడనంలో అది సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. కాయిల్ ముంగిట ఉన్న ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తన సన్నటి రంధ్రంలోంచి దాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. షెడ్డులో గేజీ తగిలించినప్పుడు తక్కువ పీడనం వైపు ముల్లు 30 పీఎస్ఐ దగ్గర నిలిచిందంటే లోపల గ్యాస్ సున్నాకు ఒకటి రెండు డిగ్రీల పైన మరుగుతోందని మెకానిక్‌కు లెక్క. మరగడానికి కావలసిన వేడిని గ్యాస్ రేకుల నుంచి, రేకులు గాలి నుంచి లాక్కుంటాయి. మరీ చల్లబడి రేకుల మీద మంచు కట్టకుండా కాయిల్‌లో గుచ్చిన చిన్న సెన్సర్ కాపలా కాస్తుంది. గడ్డకట్టే దశకు చేరబోతుంటే కంప్రెసర్‌ను ఆపించి, కాస్త వేడెక్కాక మళ్లీ నడిపిస్తుంది.

ఇక నీటి లెక్క. 35 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 60 శాతం ఉంటే, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములకు మించి మోయలేదు. మిగతా 17 గ్రాములు రేకుల మీద చెమ్మగా దిగవలసిందే. బ్లోయర్ గంటకు ఎన్నో వందల ఘనపు మీటర్ల గాలిని తోస్తుంది కనుక, ముసురు పట్టిన రోజున గంటకు లీటరుకు పైగా నీరు దిగినా ఆశ్చర్యం లేదు. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణ సంస్థ కోసం విల్లిస్ కేరియర్ తన మొదటి యంత్రాన్ని గీసింది కాగితాలు తేమకు సాగిపోకుండా చూడడానికే. అంటే గాలిలోంచి నీరు తీయడం ఈ యంత్రానికి పుట్టుకతోనే అప్పగించిన పని.

నీరు దిగడంలో తప్పు లేదు. బండి ఆపాక ఏమవుతుందన్నదే చూడవలసింది. చల్లటి కాయిల్ మీద బూజు అంత తేలికగా పెరగదు. ఏసీ ఆగాక కాయిల్ మెల్లగా వేడెక్కుతుంది, తడి మాత్రం అంత త్వరగా ఆరదు. చీకటి, వెచ్చదనం, చెమ్మ, గాలి ఆడని గది. ఇవి నాలుగూ ఉన్నాక తిండి ఒక్కటే తక్కువ. దాన్ని ధూళి తెచ్చిపెడుతుంది. క్లాడోస్పోరియం, పెన్సిలియం జాతుల బూజు, కొన్ని రకాల బ్యాక్టీరియా కలిసి రేకుల మీద జిగట పొరగా పాకుతాయి. మనకు తగిలే వాసన ఆ ప్రాణులది కూడా కాదు, తిని అరిగించుకుంటూ అవి వదిలే వాయువులది. ఆ వాయువులు ఆరిన లోహాన్ని అంటుకుని ఉంటాయి. ఏసీ వేయగానే కొత్త చెమ్మ వచ్చి వాటిని తోసేసి తన చోటు ఆక్రమిస్తుంది. మొదటి నిమిషంలో గుప్పుమనడానికి కారణం ఇదే. నడుస్తుండగా కంప్రెసర్ ఆగి తిరిగి అందుకునే మధ్యలో కూడా ఒక్కోసారి వాసన తేలివస్తుంది. ట్రావెల్స్ డ్రైవర్లకు ఇది అనుభవం. ఆ మధ్యలో కాయిల్ కాస్త వేడెక్కి ఆరడమే దానికి కారణం.

మన ప్రాంతపు ధూళికి తనదైన గుణం ఉంది. పత్తి తీతల కాలంలో సన్నటి నూగు గాలిలో తేలుతుంది. మిర్చి కోతలయ్యాక గుంటూరు యార్డుకు పోయే టిక్కీల లారీల వెనక నడిచిన కారు ఫిల్టరు విప్పితే తుమ్ములు ఆగవు. పత్తినూగు రేకుల సందుల్లో చిక్కితే చెమ్మను వదలకుండా పట్టి ఉంచుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు రోజూ తిరిగే బళ్లకు ఇంకో కష్టం. సున్నపు పొడి తడికి తగిలితే క్షారం అవుతుంది, క్షారం అల్యూమినియాన్ని తింటుంది. అటువైపు బళ్లకు ఫిల్టరు తరచూ మార్చమని మెకానిక్ చెప్పేది వ్యాపారం కోసం కాదు.

మంచి మెకానిక్ మొదట ఏదీ విప్పడు. అద్దాలు ఎక్కించి, బ్లోయర్‌ను ఏసీ లేకుండా ఒకసారి, ఏసీతో ఒకసారి తిప్పి వాసన చూస్తాడు. ముక్కిన వాసన అయితే కాయిల్. తియ్యటి వాసన వచ్చి, అద్దం మీద జిడ్డుగా ఆవిరి పడుతుంటే హీటర్ కాయిల్ నుంచి కూలెంట్ కారుతోందని అర్థం. దానికి నురుగు మందు పనికిరాదు. కాలిన వాసన అయితే బ్లోయర్ తీగల్లో వెతకాలి. కుళ్లు కంపు అయితే ఎలుక. పల్లెల్లో చింతచెట్టు కిందో గడ్డివాము పక్కనో నిలిపిన బళ్లలో ఇది అరుదేమీ కాదు. బ్లోయర్ పెట్టెలో ఎలుక గూడు దొరికిన బండిని నేనే చూశాను. ఆ తర్వాత అతను ఎడమవైపు ముందు సీటు దగ్గర మ్యాటు ఎత్తి అరచేయి ఆనిస్తాడు. అక్కడ తడి తగిలితే రోగం సగం తెలిసినట్టే. డ్రెయిన్ పైపు మూసుకుపోయి, బయటికి పోవలసిన నీరు కారులోకి పొర్లుతోంది.

పని పైనుంచి కిందికి సాగుతుంది. వైపర్ల కింది జాలీ తీసి, అందులో చేరిన వేపాకు, చింతాకు, మట్టి ఏరి తీస్తాడు. అక్కడ కుళ్లే ఆకు కూడా వాసనలో వాటాదారే. తర్వాత గ్లవ్ బాక్సు రెండు పక్కలా నొక్కి కిందికి వాల్చి, వెనక ఉన్న మూత తీసి ఫిల్టరు లాగుతాడు. లాగేటప్పుడు అడ్డంగా తిప్పడు, ఎలా ఉందో అలాగే సమంగా తీస్తాడు. మడతల్లోని చెత్త బ్లోయర్‌లోకి రాలకూడదు. కొత్త ఫిల్టరు అంచు మీద గాలి పోయే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. అది తిరగేసి పెట్టిన బళ్లు బోలెడు.

ఆ ఫిల్టరు సందులోంచో, బ్లోయర్ రెసిస్టర్ విప్పితే వచ్చే రంధ్రంలోంచో ఇప్పుడు సన్నటి కెమెరా లోపలికి దింపుతారు. ఫోనుకు తగిలించే ఈ కెమెరాలు చవకయ్యాక ఈ పనిలో చాలా మార్పు వచ్చింది. రేకుల మీద బూడిద రంగు పొర, చిక్కుకున్న నూగు, మూలల్లో నల్లటి మచ్చలు తెర మీద కనిపిస్తాయి. బండి యజమానికి కూడా చూపించి, చూపించాకే పనికి దిగే మెకానిక్‌ను నమ్మవచ్చు.

నురుగు కన్నా ముందు డ్రెయిన్ పైపు. అనుభవం తెలిసేది ఈ వరసలోనే. పొలానికి కాలువ నీళ్లు ఎంత బాగా అందినా మురుగు కాలువ పూడితే పైరు కుళ్లుతుందని సాగర్ ఆయకట్టు రైతుకు ఒకరు చెప్పాలా? పెట్టె అడుగున ఒక వాలు, వాలు చివర రబ్బరు గొట్టం, దాని మూతి నేల వైపు. చాలా బళ్లలో ఆ మూతి చీలికలా నొక్కి ఉంటుంది. నీటి బరువుకు తెరుచుకుంటుంది, మిగతా వేళల్లో దుమ్ముకూ పురుగుకూ సందివ్వదు. అయినా కందిరీగ అక్కడ మట్టిగూడు కడుతుంది. గొట్టం మూతిని వేళ్లతో నలిపి, మెత్తటి నైలాను తీగ పైకి పోనిచ్చి, తక్కువ గాలితో ఊదుతాడు. జోరుగా ఊదితే గొట్టం పెట్టె నుంచి ఊడిపోవచ్చు. ఊడిందని తెలిసేది వారం తర్వాత మ్యాటు తడిసినప్పుడే.

దారి తెరుచుకున్నాక నురుగు. పొడుగాటి సన్నటి గొట్టాన్ని గాలి వచ్చే ముఖం వైపు కాయిల్ దాకా పంపి, డబ్బా నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగుతాడు. మురికి చేరేది ముందు ఆ ముఖం మీదే. నురుగు ఉబ్బి, ఏ బ్రష్షూ దూరని సందుల్లోకి, ఆ ఏటవాలు గాట్లలోకి కూడా పాకుతుంది. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు దాన్ని కదపకూడదు. ఈ ఆగడం దగ్గరే పనివాళ్లు వేరుపడతారు. తొందరపడేవాడు వెంటనే బ్లోయర్ వేస్తాడు, నురుగు గాలిదారుల్లోకి ఎగిరి మన ముఖాల మీద పడుతుంది. ఓపిక ఉన్నవాడు బండి కింద పళ్లెం పెట్టి చూస్తుంటాడు. నురుగు విరిగి నీరై, జిగట పొరను వెంటబెట్టుకుని డ్రెయిన్‌లోంచి దిగుతుంది. మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో. ఆపైన చేతిపంపు స్ప్రేయరుతో మంచినీళ్లు, తక్కువ జోరుతో, కింద తేటగా పడేదాకా. జోరు పెంచితే పదో వంతు మిల్లీమీటరు రేకులు వాలిపోతాయి. వాలిన రేకుల మధ్య గాలి ఆడదు, చెమ్మ ఆరదు. బ్లోయర్ మోటారుకూ తీగల జాయింట్లకూ నీరు తగలకుండా ముందే ప్లాస్టిక్ కప్పి ఉంచుతాడు.

ఇలా కడిగిన తర్వాత కూడా చాలామంది మరచిపోయే మెట్టు ఒకటుంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు వేడి పూర్తిగా పెట్టి, బ్లోయర్ పెద్ద స్పీడులో పెట్టెను ఆరబెట్టాలి. ఇంజను నడుస్తుంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, మూసిన షెడ్డులో పొగ ప్రాణానికి ముప్పు.

నురుగుకు లొంగని కాయిల్ కూడా ఉంటుంది. ఏళ్లతరబడి ఫిల్టరు లేకుండా నడిచిన బండిలో మురికి రేకుల మధ్య గట్టిగా పేరుకుంటుంది. అప్పుడు డ్యాష్ బోర్డు దించాల్సిందే. బ్యాటరీ తీగ విప్పి ఎయిర్ బ్యాగుల కోసం కాసేపు ఆగుతాడు. గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంలోకి లాగుతాడు. స్క్రూలు ఏ చోటివి ఆ చోటి కాగితం మీద పేరుస్తాడు. పైపులు విప్పిన మరుక్షణం వాటి మూతులకు బిరడాలు బిగిస్తాడు. లోపలి ప్యాగ్ ఆయిల్ గాలిలోని తేమను ఆబగా పీల్చుకునే రకం, ఆ తేమ కంప్రెసర్‌కు శత్రువు. తిరిగి బిగించేటప్పుడు పాత ఓ-రింగులు మళ్లీ వాడడు, కొత్తవాటికి ఆయిల్ రాసి కూర్చోబెడతాడు. అరగంటకు తగ్గకుండా వ్యాక్యూమ్ లాగి, ముల్లు కదలకుండా నిలిచిందని చూసుకుని, బండి మీద రాసి ఉన్న తూకం ప్రకారం గ్యాస్ పట్టిస్తాడు. ఒక పూర్తి రోజు పని. బిగించాక డ్యాష్ బోర్డు ఎక్కడా కిర్రుమనకపోతే, ఆ చేతికి నమస్కారం పెట్టవచ్చు.

ఈ తలనొప్పి అంతా ఆ పెట్టె అంత చిన్నది కావడం వల్లనే. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడల్ కారుకు ఏసీ పెట్టినప్పుడు కాయిల్ వెనక సీటుకు వెనక ఉండేది. కంప్రెసర్‌కు క్లచ్ కూడా లేదు, ఏసీ వద్దనుకుంటే బెల్టు విప్పాల్సిందే. 1954లో నాష్ కంపెనీ మొత్తాన్ని కారు ముందు భాగంలో ఇమిడేలా కుదించింది. ఇవాళ్టి బళ్లన్నీ దాదాపు ఆ దారినే నడుస్తున్నాయి. కుదించిన కొద్దీ రేకులు దగ్గరయ్యాయి, చుక్క నీరు రెండు రేకుల మధ్య వేలాడిపోయే అవకాశం పెరిగింది. దానికీ విరుగుడు కనిపెట్టారు. రేకుల మీద నీటిని ఆకర్షించే పూత పూస్తారు. నీటిని తరిమే పూత కదా కావాలి అనిపిస్తుంది మొదట. తరిమితే నీరు గుండ్రటి బొట్లుగా మారి సందుల్లో ఇరుక్కుంటుంది. ఆకర్షిస్తే పలచని పొరగా పరుచుకుని జారిపోతుంది. కడగడానికి ఆమ్లాలు, బ్లీచింగ్ పౌడరు వాడవద్దని తెలిసినవాళ్లు పట్టుబట్టేది ఇందుకే. వాసనతో పాటు ఆ పూతనూ, దాని కింది అల్యూమినియాన్నీ అవి తినేస్తాయి. డ్యాష్ మీద పెట్టే సెంటు సీసాకు ఆ బలం కూడా లేదు. అది వాసనకు ఇంకో వాసన కలుపుతుంది, అంతే.

ఆరబెట్టే పనిని బండికే అప్పగించిన ఉపాయం కూడా ఉంది. ఇంజను ఆపిన కాసేపటికి బ్లోయర్ దానంతటదే తిరిగి కాయిల్‌ను ఆరబెట్టే పరికరాన్ని జనరల్ మోటార్స్ చాలాకాలం కిందటే తెచ్చింది. హ్యుందాయ్, కియా కొన్ని మోడళ్లలో ఇప్పుడు ఇలాంటి ఏర్పాటు ఇస్తున్నాయి. అది లేని బండికి మన చెయ్యే ఆ పరికరం. షెడ్డులో ఒక కుర్ర మెకానిక్ పెద్ద వయసు డ్రైవరుకు బండి అప్పగిస్తూ చెప్పిన మాట ఇది:

“బాబాయ్, ఊరు రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా ఏసీ స్విచ్చి ఆపెయ్యి. ఫ్యాను మాత్రం ఆపొద్దు. బయటి గాలి బటన్ నొక్కి, ఇంటికాడ దిగేదాకా అట్టనే తిప్పు.”

“ఆ నాలుగు నిమిషాలు ఉక్కపోత ఎవడు పడతాడయ్యా?”

“పడు బాబాయ్. లేకపోతే ఆర్నెల్లకు మళ్లీ నా కాడికే రావాలి నువ్వు.”

బేరం పోయినా సరే అని చెప్పిన మాట అది. పాఠకులు కూడా ఆ అలవాటు చేసుకోండి. కారులోని గాలినే తిప్పే బటన్‌ను రోజంతా నొక్కి ఉంచకండి, మన ఊపిరి తేమంతా లోపలే తిరుగుతుంది. తొలకరికి ముందు ఫిల్టరు తీసి చూడండి, పత్తి, మిర్చి దారుల్లో తిరిగే బండి అయితే ఏడాది దాకా ఆగకండి. అప్పటికీ వాసన వస్తే, సెంటు అమ్మే దుకాణానికి కాక, కెమెరా దింపి కాయిల్ చూపించే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. నురుగు విరిగేదాకా అతను బండి పక్కన ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాడు. ఆ కూర్చున్న సమయానికి కూడా కూలి కట్టి ఇవ్వండి.